బిడ్డ ఊపిరితో మిషన్ ఊపిరి కలవాలంటే

మొన్న ఒకావిడ అడిగారు, "డాక్టర్ గారూ, మా బాబు వెంటిలేటర్‌తో కొట్లాడుతున్నాడు అన్నారు, అంటే ఏంటండీ?" అని. ఈరోజు దాని గురించే చెప్పుకుందాం.

నెలలు నిండని బిడ్డ నిమిషానికి 40 నుంచి 60 సార్లు ఊపిరి తీసుకుంటుంది. అదీ ఒక లెక్కలో ఉండదు. గబగబా తీసుకుని, కాసేపు ఆగిపోతుంది. పాత మిషన్లకు ఇదేం పట్టదు. 40 అని పెడితే, గడియారం చూసుకున్నట్టు 40 సార్లు గాలి తోసేవి. బిడ్డ వదిలే క్షణంలో మిషన్ లోపలికి తోస్తే ఒత్తిడి పెరిగి, ఊపిరితిత్తి చిల్లు పడి, గాలి ఛాతీలోకి చేరే ప్రమాదం ఉంది. అందుకని అప్పట్లో కొందరు పిల్లలకు కండరాలు కదలకుండా మందు ఇచ్చేవాళ్లు. అంటే మిషన్ చెప్పినట్టు బిడ్డే వినాలన్నమాట!

ఇప్పుడు గొట్టం మొదట్లో, బిడ్డ నోటి దగ్గర, చిన్న ఫ్లో సెన్సార్ ఉంటుంది. బిడ్డ పీల్చడం మొదలుపెట్టగానే పసిగట్టి మిషన్ సాయం చేస్తుంది. వినడానికి తేలికే. కానీ కిలో బరువున్న బిడ్డ ఒక్కో శ్వాసకు తీసుకునేది 4 నుంచి 6 మిల్లీలీటర్లు, ఒక టీస్పూను అనుకోండి. పీల్చే సమయం సెకనులో మూడో వంతు. ఆలోపే కనిపెట్టాలి, ఇవ్వాలి, ఆపాలి.

నేను కొత్తగా ఎన్‌ఐసీయూలో చేరిన రోజుల్లో, ఒక రాత్రి మిషన్ మీద రేటు 90 చూపిస్తోంది. పాప ఆయాసపడుతోందనుకుని మత్తుమందు పెంచమన్నాను. సిస్టర్ గారు పాప పొట్ట వైపే చూస్తూ, "సార్, పాప అన్నిసార్లు తీసుకోవట్లేదండీ" అన్నారు. లెక్కపెట్టాను. నిజమే! ట్యూబింగ్‌లో ఆవిరి నీరై చేరి అటూ ఇటూ కదులుతుంటే, మిషన్ దాన్నే బిడ్డ ఊపిరి అనుకుంటోంది. బ్లడ్ గ్యాస్ చేస్తే కార్బన్ డయాక్సైడ్ బాగా పడిపోయి ఉంది. అది మరీ తగ్గితే మెదడుకు రక్తం తగ్గుతుంది, కాబట్టి నాకు చెమటలు పట్టాయి. నీళ్లు తీసేశాం, రేటు దిగింది. మందు అక్కర్లేకపోయింది.

నావా అని ఇంకో పద్ధతి ఉంది, 1999లో నేచర్ మెడిసిన్‌లో వచ్చింది. ఇందులో కడుపులోకి వేసే పాల గొట్టానికే ఎలక్ట్రోడ్లు ఉంటాయి. డయాఫ్రం కండరంలో కరెంటు పుట్టగానే మిషన్‌కు తెలుస్తుంది. గొట్టం పక్కనుంచి గాలి లీకైనా మోసపోదు. ఖరీదు మాత్రం ఎక్కువే. ఇక బిడ్డ ఊపిరి తీసుకోవడమే ఆపేస్తే ఏ సెన్సారూ ఏం చేయలేదు, అందుకే వెనకాల బ్యాకప్ రేటు పెడతాం.

ఆ తల్లికి నా జవాబు ఇదీ: ఈసారి ఎవరైనా కొట్లాడుతున్నాడంటే, "ట్యూబింగ్ చూశారా, సెట్టింగ్ చూశారా?" అని అడగండమ్మా. మేమేం అనుకోం. గొట్టం వేయకుండా ముక్కు నుంచి ఇచ్చే సీప్యాప్ గురించి వచ్చే ఎపిసోడ్‌లో చెప్తాను. ఉంటానండీ.