పరదేశమున మన బిడ్డల చదువు

(నూజివీటి వార్షిక మహాసభయందలి ఉపన్యాసము)



మామిడితోటలకు పేరెన్నికగన్న యీ నూజివీటి సీమనుండి నేడు మన కుటుంబములు దుబాయి, అమెరికా, ఆస్ట్రేలియా మొదలగు దేశములకు తరలిపోవుచున్నవి. ప్రయాణమునకు ముందు జీతమెంత, అద్దె యెంత యని విచారించుచున్నాము. బిడ్డ యే బడికి పోవలెనను మాట మాత్రము కడపటికి మిగులుచున్నది. ఉద్యోగము పోయినచో మరియొకటి దొరకును. బిడ్డకు పోయిన విద్యాసంవత్సరము మరల రాదు.

మొదట తేల్చుకొనవలసినది బడి పేరు కాదు. మనము కొలదికాలమునకు మరలివత్తుమా, అచ్చటనే స్థిరపడుదుమా యనునదియే. దుబాయిలో పరదేశీయుల బిడ్డలు మిక్కిలిగా ప్రైవేటు పాఠశాలలయందే చదువుదురు. వానిలో సీ.బీ.ఎస్.ఈ. పాఠశాలలును కలవు. మరలివచ్చు తలంపుగలవారికి అవి యనుకూలములు. అచ్చటి ప్రభుత్వమువారు ప్రకటించిన తనిఖీ నివేదికలను చదివి, రుసుమును సరిచూచుకొని నిర్ణయింపవలయును.

అమెరికాలో ప్రభుత్వ పాఠశాలకు రుసుము లేదు. కాని సాధారణముగా నివాసమున్న ప్రాంతమునుబట్టియే బడి యేర్పడును. కావున బడిని విచారించిన పిదపనే యిల్లు కుదుర్చుకొనుట యుక్తము. ఆస్ట్రేలియాలోని న్యూసౌత్‌వేల్సునందు తాత్కాలిక వీసాదారులలో పలువురు ప్రభుత్వపు బడికి సైతము రుసుము చెల్లింపవలసియుండును.

ఇక తరగతి సంగతి. సీ.బీ.ఎస్.ఈ. విధానమున తొమ్మిది, పది తరగతులొక జంట. పదునొకండు, పండ్రెండు మరియొక జంట. ఆ జంటల నడుమ బిడ్డను కదల్చినచో చేర్చుకొనుట కష్టమగును. ఏడాది యాగియైనను ఆ గట్టు దాటించి తరలించుట మేలు.

మరలివచ్చువారు గమనింపవలసినది మరియొకటి కలదు. 1974 నాటి రాష్ట్రపతి యుత్తర్వు ననుసరించి మన కళాశాలలలో నూటికి 85 స్థానములు స్థానికులకు చెందును. అర్హతపరీక్షతో ముగియునట్లు నాలుగేండ్లు వరుసగా ఇచ్చట చదివినవారికే సామాన్యముగా స్థానికత్వము లభించును. ఇంటర్మీడియటుకు బిడ్డను వెనుకకు పంపదలచినవారు ఈ లెక్కను ముందుగనే వేసికొని, తరువాతి సవరణలను గూడ విచారింపవలయును.

అంటుమొక్కను తరలించునపుడు వేరుచుట్టునున్న మట్టిగడ్డ చెదరనీయము. బిడ్డలకు మాతృభాష యట్టిది. ఫిజీ దీవులలో చెరకుతోటల కూలికి పోయిన దక్షిణదేశీయులు 1926లో సంగమును స్థాపించి, బడులు నెలకొల్పి, తమిళ తెలుగు భాషలను నిలుపుకొన యత్నించిరి. నేడు సిలికానాంధ్రవారి మనబడివంటివి కలవు. వారమున కొక్కపూట బిడ్డ నచ్చటికి కొనిపోవుట మనకు భారమా?

ఒక మనవి. కుమారునకు మంచి బడి వెదకి, కుమార్తెను తాతగారింట విడిచిపోవుట తగదు. ఇరువురకు నొకే విచారణ, ఒకే వ్యయము జరుగవలయును.

పరదేశములందున్న మన కుటుంబములు తమ బిడ్డల బడి, రుసుము, ఎదురైన చిక్కులు తెలుపుచు ఏటేట సంఘమునకు జాబు వ్రాయుదురు గాక! వానినన్నిటిని ఒక పుస్తకమున వ్రాసియుంచినచో, రేపు బయలుదేరు నిరుపేద బంధువునకు సైతము దారి తెలియును. పోషకులు దీనికి తోడ్పడుదురని నమ్మి విరమించుచున్నాము.