విందు నడిచే సొరంగం

ఒక దేశాధినేత మరో దేశాధినేత గౌరవార్థం ఇచ్చే అధికారిక విందులో తొలి వడ్డన మర్యాదదే. అందుకే ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలన్నది హోదాల వరుసను, అంటే ప్రాధాన్యక్రమాన్ని బట్టి ముందే నిర్ణయమవుతుంది, బల్లమీది పూలను సైతం ఎదుటివారి ముఖానికి అడ్డురానంత ఎత్తులోనే అమరుస్తారు.

ఫలక్‌నుమా ప్యాలెస్‌లో 101 మంది ఒకేసారి కూర్చోగల భోజనబల్ల ఈ సంప్రదాయానికి హైదరాబాద్ ఇచ్చిన ఘనమైన వేదిక. 2017 నవంబరు 28న ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సుకు అమెరికా బృందంతో వచ్చిన ఇవాంకా ట్రంప్‌కు ప్రధాని నరేంద్ర మోదీ అక్కడే విందు ఇచ్చారు. విందు ఇచ్చినవారు గాని అతిథి గాని దేశాధినేత కానందున దానిని కచ్చితమైన అర్థంలో అలాంటి అధికారిక విందు అనలేము గాని, ఆతిథ్యంలో ఆ స్థాయికి తగ్గలేదు.

ఇదే హైదరాబాద్‌లో, బోయిన్‌పల్లికి చేరువలోని బొల్లారంలో, 1860లో కట్టిన నేటి రాష్ట్రపతి నిలయంలో వంటశాల ప్రధాన భవనానికి దూరంగా ఉండటంతో, వంటకాలు భోజనశాలకు ఒక సొరంగమార్గంలో చేరేవి. వడ్డించేవారి శ్రమ అతిథి కంటపడని ఆ ఏర్పాటే విందుకళలో అత్యంత సున్నితమైన భాగం. చేర్యాల జానపద చిత్రాలతో అలంకరించిన ఆ సొరంగాన్ని 2023 నుంచి సామాన్యులూ చూడవచ్చు.