వేరుశనగ వైరస్‌కు మందుందా?



2000 ఖరీఫ్‌లో అనంతపురం జిల్లాలో కాండం కుళ్ళు వైరస్ సుమారు 2.25 లక్షల హెక్టార్ల వేరుశనగను దెబ్బతీసింది. వయ్యారిభామ పుప్పొడిలో దాగి, తామర పురుగుల వెంట చేలోకి దిగింది. ఇప్పటికీ మొక్క మాడగానే మనం దుకాణానికి పరిగెడుతున్నాం, 'వైరస్ మందు' అని సీసా చేతిలో పెడుతున్నారు. సోకిన మొక్కలో వైరస్‌ను పొలంలోనే చంపే మందు లేదు. అప్పు మాత్రం మిగులుతుంది. రిబావిరిన్ అనే రసాయనం ఉన్నా, దాని పని టిష్యూకల్చర్ ప్రయోగశాలలోనే.

తామర పురుగులే మోసుకొచ్చే మరో వైరస్ తెగులు మొవ్వు కుళ్ళు. దానికి తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం జొన్నాకు లేదా కొబ్బరాకు కషాయం చెబుతోంది. ఎండుటాకు పొడి కిలోకు రెండు లీటర్ల నీళ్లు పోసి, 60 డిగ్రీల వేడిలో గంటసేపు ఉంచాలి. మరిగించకూడదు. గుడ్డలో వడకట్టి, నీళ్లు కలిపి పది లీటర్లు చేయాలి. విత్తిన 10వ రోజు, 20వ రోజు కొట్టాలి. తెగులు కనిపించాక కాదు, ముందే!

ఎకరానికి 200 లీటర్లు, అంటే ఒక్క తడవకే 20 కిలోల పొడి. ఆకు ఎవరు కోయాలి, ఎవరు దంచాలి? ఆ కూలి ఎవరిస్తారు?

అందుకే ప్రభుత్వాన్ని అడుగుతున్నాం: ఈ కషాయాన్ని మన చేలల్లో, కొట్టిన మడి, కొట్టని మడి పక్కపక్కనే పెట్టి పరీక్షించండి. దిగుబడి, కూలి ఖర్చు రెండూ బయటపెట్టండి. సీసాలో ఏముందో రాయని మందుల అమ్మకం ఆపించండి. ఈలోపు మనం గట్ల మీద వయ్యారిభామను పూతకు రాకముందే పీకుదాం, చేను చుట్టూ జొన్నో సజ్జో దట్టంగా వేద్దాం.