మన భాషా కావాలె, కంప్యూటరూ కావాలె

(ఇంటర్ పాసైన పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు, ఊళ్లల్లో పనిచేస్తున్న కార్యకర్తలు కూడిన రాయదుర్గం సమావేశంలో మా తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మనం కూచున్న ఈ రాయదుర్గం ఒకప్పుడు రాళ్లగుట్టల నడుమ ఊరు. 2019 నవంబర్ 29 నుంచి మెట్రో రైలు ఇక్కడిదాకా వస్తున్నది. పొద్దున్నే ఆ రైలు దిగేటోళ్లలో మనోళ్లు కూడా ఉన్నరు. అద్దాల మేడలు తుడవటానికి కొందరు, గేటు దగ్గర నిలబడటానికి కొందరు, క్యాంటీన్లలో గిన్నెలు కడగటానికి కొందరు. లోపల మిషను ముందు కూచునేటోళ్లలో మనోళ్లు ఎంతమంది? వేళ్ల మీద లెక్కపెట్టుకునే పరిస్థితి ఎందుకు ఉండాలె? ఈ ప్రశ్నతోనే మొదలుపెడుతున్నం.

1998లో ఈ దిక్కున మూడు పనులు జరిగినయి. మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ వచ్చింది. ఉర్దూ మాధ్యమంలో పై చదువులు చెప్పే మౌలానా ఆజాద్ యూనివర్సిటీ కూడా ఆ ఏడే పుట్టింది. వీటికంటే ముందు, 1974 నుంచే, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఉన్నది. అంటే కంప్యూటర్ చదువు, భాష చదువు రెండూ ఈ ఒక్క రోడ్డు పొడుగునే ఉన్నయి. మన వాడలకు మాత్రం ఆ సంగతి చేరలేదు.

ఊళ్లల్లో మేము తిరిగినప్పుడు రెండు మాటలే వినపడుతయి. "కంప్యూటర్ చదివితేనే బువ్వ" అని ఒకరంటరు. "మనకు లెక్కలు రావు, తెలుగు ఎం.ఎ. చేసి టీచర్ పోస్టుకు కొట్లాడదాం" అని ఇంకొకరంటరు. మూడో దారి ఉన్నదని చెప్పటానికే ఇవాళ వచ్చినం. కంప్యూటర్‌నూ భాషనూ కలిపి చదివే చదువు అది.

భాషకూ మిషనుకూ సంబంధమేంది అని అడుగుతరు. ఫోన్‌లో మాట్లాడితే అక్షరాలు పడుతున్నయి గదా. ఇంగ్లీషు కాగితం తెలుగులోకి మారుతున్నది గదా. అది ఊరికే జరగదు. "ఇంట్లోనుంచే" అనే మాట తీసుకోండి. మనకు ఒక్క మాట. మిషనుకు అందులో ఇల్లు, లో, నుంచి, ఏ అని నాలుగు ముక్కలున్నయని తెలవాలె. పాత పద్ధతిలో ఈ విడగొట్టుడును మనుషులే సూత్రాలుగా రాసి ఇచ్చిండ్రు. ఇప్పటి పద్ధతిలో లక్షల పుటల రాతను, గంటలకొద్దీ మాటను మిషనుకు మేతగా వేస్తరు. అది అందులోనుంచే నేర్చుకుంటది. రెండు పద్ధతుల్లోనూ భాష తెలిసిన మనిషి కావాలె, లెక్క తెలిసిన మనిషి కావాలె. ఇద్దరూ ఒక్కరే అయితే ఆ మనిషికి విలువ ఎక్కువ.

ఇక అసలు మాటకు వస్తున్నం. మిషనుకు వేసే మేత ఎవరి తెలుగు? 2011 జనాభా లెక్కల ప్రకారం తెలుగు మాట్లాడేటోళ్లు 8 కోట్ల 11 లక్షలు. అచ్చులోకి ఎక్కిన తెలుగు మాత్రం ఆ 8 కోట్ల మందిది కాదు. పేపర్ల తెలుగు, పుస్తకాల తెలుగు కొద్దిమంది ఇళ్లల్లో పుట్టింది. మిషను "వచ్చాడు" ఒక్కటే చదివితే మన "వచ్చిండు"ను తప్పు కింద గీత గీస్తది. లంద, ఆరె, తంగేడు చెక్క, డప్పు చిర్ర, సిటికెన పుల్ల, మోట తొండం. ఇవి మన తాతల పనిముట్ల పేర్లు, మన పనితనం పేర్లు. రాతలో లేని మాట మిషనుకు లేనట్టే. బళ్లో పంతులు మన మాటను ఎక్కిరించిండు. రేపు మిషను కూడా ఎక్కిరిస్తదా?

2022లో కేంద్ర ప్రభుత్వం భాషిణి అనే పథకం మొదలుపెట్టింది. భారతీయ భాషల్లో మాటతోనే సర్కారు పని జరిగేటట్టు చేయటం దాని ఉద్దేశం. మంచిదే. కాని పింఛన్ కోసం ఫోన్‌లో అడిగిన మన అవ్వ మాట ఆ మిషనుకు తెలవకపోతే నష్టపోయేది ఎవరు? అవ్వే గదా!

మాటలు ఏరటం చేతకాని పని కాదు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తి పదకోశం వచ్చింది. 1962లో వ్యవసాయ పదాల సంపుటం, 1971లో చేనేత పదాల సంపుటం. రైతుల నోటినుంచి, నేతగాళ్ల నోటినుంచి జిల్లా జిల్లా తిరిగి ఏరిన మాటలవి. మన పనుల మాటలను అట్లనే ఏరి, మిషనుకు ఎక్కించే పని మన పిల్లలు చేయాలె. ఇంకొకరు దయతో చేస్తరని కూచుంటే అది జరగదు.

ఇక్కడ ఒక అనుమానం లేస్తది. "మేము ఇంగ్లీషు మీడియం కావాలని కొట్లాడినం. మీరు మళ్లీ తెలుగు అంటున్నరేంది?" న్యాయమైన అనుమానం. తమ పిల్లలను కాన్వెంటుకు పంపి, మన పిల్లలకు మాతృభాష గొప్పతనం చెప్పిన పెద్దమనుషులను మనం చూసినం. మేము చెప్పేది అది కాదు. ఇంగ్లీషు లేకుండా ఈ చదువు నడవదు, పుస్తకాలన్నీ అందులోనే. ఇంగ్లీషు నేర్చుకోవాలె, లెక్కలు నేర్చుకోవాలె, వాటితో మన మాటకు విలువ తేవాలె.

ఏ భాష ఎవరు చదవాలో కులమే నిర్ణయించిన కాలం ఒకటున్నది. బాబాసాహెబ్ బళ్లో సంస్కృతం చదువుతానంటే ఒప్పుకోలేదు. పారశీకం తీసుకోవలసివచ్చింది. తర్వాత ఆయన సంస్కృతం సొంతంగా నేర్చుకున్నడు, పాళీ నిఘంటువుకు పూనుకున్నడు. ఈ హైదరాబాద్‌లోనే భాగ్యరెడ్డి వర్మ నూరేండ్ల కిందట ఆది హిందువుల పిల్లలకు తెలుగు బళ్లు పెట్టిండు. భాష మనకు ఊరికే రాలేదు, కొట్లాడితే వచ్చింది.

ఇప్పుడు తలుపులు ఎక్కడున్నయో చెప్తం.

మొదటి తలుపు గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ. ఇది బాసర ట్రిపుల్ ఐటీ కాదు, చాలామంది ఒకటే అనుకుంటరు. బాసరది 2008లో పెట్టిన రాష్ట్ర యూనివర్సిటీ, పదో తరగతి మార్కులతో సీటు. గచ్చిబౌలిలో భాషా సాంకేతిక పరిశోధన కేంద్రం ఉన్నది. కంప్యూటర్ సైన్సులో బి.టెక్., దాంతోపాటు భాషా గణనలో పరిశోధన ఎం.ఎస్., రెండు పట్టాలు కలిపి అయిదేండ్ల చదువు. ఇంటర్‌లో ఎంపీసీ ఉండాలె, వాళ్లు పెట్టే ప్రవేశ పరీక్ష రాయాలె. ఫీజు ఏడాదికి లక్షల్లో. కుల రిజర్వేషన్లు లేవు. రాష్ట్ర ప్రభుత్వం భూమి ఇచ్చి, భవనాలు ఇచ్చి నిలబెట్టిన చోట మన వాటా ఎందుకు లేదు? ఈ ప్రశ్న మనం అడగాలె. అడుగుతూనే, పరీక్ష రాయగలిగిన పిల్లను పరీక్షకు పంపాలె.

రెండో తలుపు హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ. భాషాశాస్త్రాల్లో అయిదేండ్ల ఇంటిగ్రేటెడ్ ఎం.ఎ. ఉన్నది. ఎంపీసీ చదవనివాళ్లకూ ఇది దారి. సి.యు.ఇ.టి. పరీక్ష రాయాలె. ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 7.5 శాతం, ఓబీసీలకు 27 శాతం సీట్లు రాజ్యాంగం ఇచ్చిన హక్కు. 1990ల్లో తెలుగు, కన్నడ వంటి భాషలనుంచి హిందీలోకి మార్చే అనుసారక మిషను పని ఈ యూనివర్సిటీలో కూడా జరిగింది. కాని ఒక్క మాట దాచం. ఎం.ఎ. పట్టాతోనే కంపెనీ కొలువు రాదు. ప్రోగ్రాము రాయటం పక్కన తప్పకుండా నేర్చుకోవాలె.

మూడో తలుపు రెండు మెట్లది. ఎప్‌సెట్ రాసి, ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో కంప్యూటర్ బి.టెక్. చదవటం ఒక మెట్టు. లేదంటే దోస్త్ ద్వారా డిగ్రీలో చేరి కంప్యూటర్ అప్లికేషన్స్, తెలుగు కలిసే కాలేజీని వెతుక్కోవటం. ఆ తర్వాత ఉస్మానియాలోనో సెంట్రల్ యూనివర్సిటీలోనో భాషాశాస్త్రం ఎం.ఎ. ఆలస్యమైనా ఇది గట్టి దారి.

ఏ తలుపు తట్టినా నాలుగు ప్రశ్నలు అడగండి. పట్టా మీద కంప్యూటర్ సైన్సు అని రాస్తరా, లేక కోర్సు పేరులోనే కంప్యూటర్ ఉన్నదా? అయిదేండ్లల్లో లెక్కలు, ప్రోగ్రాములు ఎన్ని పేపర్లు, భాషాశాస్త్రం ఎన్ని పేపర్లు? ఫీజు మాఫీ, స్కాలర్‌షిప్, హాస్టల్ ఎవరికి ఎంత? మధ్యలో ఒక పేపరు పోతే ఏం జరుగుతది? నోటిమాట నమ్మకండి. ఆ ఏడు ప్రాస్పెక్టస్ చూడండి, కాగితం మీద జవాబు తీసుకోండి.

ఊరి కార్యకర్తలకు మా విన్నపం. పిల్ల ఇంటర్ మొదటి ఏడు ఉండంగనే కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్ తీయించండి. దరఖాస్తు ఆఖరి తేదీలు సంఘం గోడ మీద రాయండి. లెక్కల్లో వెనకబడ్డ పిల్లకు సాయంత్రం దీపం కింద లెక్క చెప్పే మనిషిని వెతకండి. లెక్కలు రావు అనేది మన రక్తంలో లేదు, మన బళ్లో లెక్కల పంతులు లేకపోవటంలో ఉన్నది.

గేటు లోపలికి పోయినంక పని అయిపోదు. 2016 జనవరి 17న రోహిత్ వేములను పోగొట్టుకున్నది ఈ రోడ్డు మీదనే. సీటు ఇప్పించి బిడ్డను ఒంటరిగా వదిలిపెడితే తప్పు మనది కూడా అయితది. పది రోజులకొకసారి ఫోన్ చేయండి. మార్కులు అడిగే ముందు తిన్నవా అని అడగండి. 1993లో పుట్టిన అంబేద్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ వంటి సంఘాలున్నయి, ముందే కలపండి.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, మీ అవ్వ మాట్లాడే మాటకు సిగ్గుపడకండి. ఆ మాటే మీ పెట్టుబడి. ఇంగ్లీషును, లెక్కను దానికి జోడించండి. రేపు ఈ రాయదుర్గం స్టేషన్‌లో దిగి, మేడ లోపలికి పోయి, మిషనుకు "వచ్చిండు" అనేది కూడా తెలుగేనని చెప్పేది మీరే కావాలె.

జై భీమ్!