స్పీడు బోటులో ఒక పగలు
(సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు ఫోన్ చేసి, "మీ బ్యాచ్ వాళ్ళు అండమాన్ వెళ్ళొచ్చారట కదా, ఒక పావుగంట ఆ కబుర్లు చెప్పు" అన్నారు. బడి జ్ఞాపకాలు చెప్పడానికి నాకంటే బాగా మాట్లాడేవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు. ముప్పై ఏళ్ళు డీజిల్ ఇంజన్ల మధ్య గడిపినవాణ్ణి కాబట్టి నేను పడవ గురించి మాట్లాడతాను. చివర్లో సంఘానికి ఒక అర్జీ కూడా పెట్టుకుంటాను. కబుర్లు విని అర్జీ దగ్గర లేచి వెళ్ళిపోవద్దని మనవి.

విశాఖపట్నానికీ అండమాన్‌కీ మధ్య సుమారు 1200 కిలోమీటర్ల నీళ్ళు ఉన్నాయి. మన రేవు నుంచి ఓడ ఎక్కితే రెండున్నర రోజుల ప్రయాణం. ఇప్పుడు విమానాలు వచ్చాయి గానీ, శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల నుంచి పనికోసం వెళ్ళినవాళ్ళు ఓడల మీదే వెళ్ళారు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల్లో నూటికి పదమూడు మంది తెలుగువాళ్ళు. 1922-24 నాటి మన్యం పోరాటంలో పట్టుబడినవాళ్ళలో కొందరిని పంపించింది కూడా అక్కడికే. పోర్ట్ బ్లెయిర్‌కు 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. పేరు మారినా, అక్కడి ఆబర్డీన్ బజారులో నిలబడితే చెవికి మన పూర్ణా మార్కెట్టే వినిపిస్తుంది. కూరగాయల ధర అడిగితే మాత్రం ఏ ఊళ్ళో ఉన్నామో వెంటనే తెలిసిపోతుంది.

మేం ఫిబ్రవరిలో వెళ్ళాం. మా బ్యాచ్ వాళ్ళం పదకొండు మందిమి, మాతో పాటు మా లెక్కల మాస్టారు. ఆయనకు డెబ్బై ఎనిమిదేళ్ళు. ఇంట్లోవాళ్ళు వద్దన్నారు. "నేను సముద్రం చూడ్డానికి కాదు, వీళ్ళు దారి తప్పకుండా చూడ్డానికి వెళ్తున్నాను" అని చెప్పి బయల్దేరారు.

నెల ఎందుకు చెప్పానంటే, ఈ ప్రయాణంలో మొదటి లెక్క అదే. నైరుతి రుతుపవనాలు మే మూడో వారానికల్లా అండమాన్ చేరుకుంటాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుఫాన్ల కాలం. 2014లో హుద్‌హుద్ తుఫాను అక్టోబరు 8న అండమాన్ దీవులను దాటి, 12న మన ఊరి మీద పడింది. ఆ రోజు మన ఊరు ఎలా అయిందో మీకు నేను చెప్పక్కర్లేదు. అక్కడి గాలి నాలుగు రోజుల్లో మన గుమ్మం ముందుంటుంది. ఇది వాళ్ళ సముద్రం, అది మన సముద్రం అని రెండు లేవు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఈ సముద్రం కాస్త నెమ్మదిగా ఉంటుంది. వెళ్ళేవాళ్ళు అప్పుడే వెళ్ళండి.

పొద్దున్నే జెట్టీ దగ్గరికి చేరాం. బేరం మొదలైంది. పూర్ణా మార్కెట్లో కొత్తిమీర కట్టకు బేరమాడి పెరిగిన జాతి కదా మనది! రేటు తగ్గించుకున్నాం, భోజనం కలుపుకున్నాం. మాస్టారు అంతా విని, "ఇందులో ఎంతమందిని ఎక్కిస్తారు? జాకెట్లు ఎన్ని ఉన్నాయి?" అని రెండే ప్రశ్నలు అడిగారు. మొదట మాట్లాడిన మనిషి దగ్గర జాకెట్లు ఉన్నాయి గానీ, కొన్నిటికి బకిల్స్ లేవు. మాస్టారు ఇంకో బోటు వైపు నడిచారు. మేం వెనకే వెళ్ళాం. బోటు అద్దె మీద ఎంతైనా బేరమాడవచ్చు. జాకెట్ మీదా, మనుషుల లెక్క మీదా బేరం ఉండకూడదు.

రెండో బోటు నడిపే కుర్రాడిది శ్రీకాకుళం యాస. మావాడొకడు మాస్టారిని ముందు సీట్లో కూర్చోబెట్టబోయాడు, అన్నీ బాగా కనిపిస్తాయని. ఆ కుర్రాడు ఒప్పుకోలేదు.

"పెద్దాయన్ని ఎనక్కి కూకోబెట్టండి బాబూ. ముందర కూకుంటే నడుం పట్టీసుద్ది."

"మీదే ఊరు?" అని అడిగారు మాస్టారు.

"కళింగపట్నం దగ్గరండి. మా తాతలనాడే వచ్చీసినారు."

ఆ కుర్రాడు చెప్పినదాన్ని ఇంజనీరు భాషలో చెబుతాను. మామూలు పడవ నీళ్ళను తోసుకుంటూ పోతుంది. స్పీడు బోటు ఒక వేగం దాటాక ముక్కు పైకెత్తి, నీటి మీదకు లేచి జారుతుంది. నీళ్ళతో రాపిడి తగ్గుతుంది కాబట్టే అంత వేగం. 20 నాట్లు అంటే గంటకు 37 కిలోమీటర్లు. రోడ్డు మీద మన స్కూటరు వేగమే. కానీ నీటికి స్ప్రింగులు లేవు. ముక్కు ఒక కెరటం మీద లేచి ఇంకో కెరటం మీద పడ్డప్పుడు, ముందు కూర్చున్నవాడి వెన్నుపూస మీద ఆ దెబ్బంతా పడుతుంది. వెనక ఇంజను దగ్గర ఆ ఊపు చాలా తక్కువ. మన వయసువాళ్ళు, నడుం నొప్పి ఉన్నవాళ్ళు వెనకే కూర్చోండి. పాదాలు నేలకు ఆనించి, పట్టుకోడానికి ఉన్నదాన్ని గట్టిగా పట్టుకోండి. ఇంకోటి చూడండి: నడిపేవాడి చేతికో, నడుముకో ఎర్రటి తాడు ఒకటి ఇంజను స్విచ్‌కు తగిలించి ఉండాలి. అతను నీళ్ళలో పడితే తాడు ఊడి ఇంజను ఆగిపోతుంది. ఆ తాడు వేలాడుతూ ఉంటే, తగిలించుకోమని అడగండి. అడగడం మర్యాద తక్కువేమీ కాదు.

పావుగంటలో రాస్ దీవి. 2018 నుంచి నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపం. 1858 నుంచి దాదాపు ఎనభై ఏళ్ళు బ్రిటిష్‌వాళ్ళు అండమాన్‌ను అక్కడి నుంచే పాలించారు. చర్చి, బేకరీ, ప్రెస్సు, నాట్యశాల అన్నీ కట్టుకున్నారు. 1941 జూన్‌లో భూకంపం వచ్చింది. 1942 మార్చిలో జపాన్ సైన్యం వచ్చింది. ఇప్పుడు ఆ గోడలను మర్రి జాతి చెట్ల వేళ్ళు పట్టుకుని నిలబెట్టాయి. గదుల్లో జింకలు తిరుగుతున్నాయి. మాస్టారు ఒక ఊడ మీద చెయ్యి వేసి, "మన వన్ టౌన్‌లో కూడా రాస్ కొండ ఉంది కదరా, ఇద్దరూ ఒకరేనా?" అన్నారు. కాదు. మన కొండకు ఆ పేరు 1864లో దాని మీద ఇల్లు కట్టుకున్న ఒక రాస్ దొర వల్ల వచ్చింది. ఆ దీవికి డేనియల్ రాస్ అనే సముద్ర సర్వేయరు పేరు పెట్టారు. రెండు పేర్లనూ రేవు వాకిట్లోనే చూస్తాం, అంతే. మన కొండ మీద చర్చి నిలిచే ఉంది, పక్క కొండల మీద దర్గా, వెంకటేశ్వరస్వామి గుడి కూడా ఉన్నాయి. మొక్కేవాళ్ళు ఉన్నారు కాబట్టి నిలిచాయి. అక్కడ అధికారం వెళ్ళిపోయాక ఇటుకలను చూసే దిక్కు లేకపోయింది.

అక్కడి నుంచి నార్త్ బే. పాత ఎర్ర ఇరవై రూపాయల నోటు వెనక కొబ్బరిచెట్లు, సముద్రం బొమ్మ ఉండేది, గుర్తుందా? ఆ బొమ్మ ఈ తీరానిదే. మాలో ఒకడు పర్సులోంచి నోటు తీసి, అందరికీ చూపించి, మళ్ళీ జాగ్రత్తగా లోపల పెట్టుకున్నాడు.

నీళ్ళు చూసి అందరూ అడిగిన ప్రశ్న ఒకటే. అక్కడ అంత నీలంగా ఉంటాయి, మన దగ్గర ఎందుకు ఉండవు? మన తీరానికి నదులు ఒండ్రు తెస్తాయి, కెరటాలు ఇసుకను కలియబెడతాయి. పైగా ఊరు, రేవు, ఫ్యాక్టరీలు. అక్కడ పెద్ద నదులు లేవు. అడుగున తెల్లటి పగడపు ఇసుక. వెలుతురు కిందిదాకా వెళ్ళి తిరిగొస్తుంది. పగడం రాయి కాదు, ప్రాణి. లక్షల చిన్న జీవులు సున్నంతో కట్టుకున్న ఊరు అది. నీరు కొద్దిగా ఎక్కువ వేడెక్కితే చాలు, తెల్లబోతుంది, చనిపోవచ్చు కూడా. 2010లో అక్కడ చాలా పగడాలు అలా తెల్లబడ్డాయి. మనం కాలు పెట్టి విరగ్గొడితే ఇక చెప్పేదేముంది? వండూరు నుంచి జాలీ బాయ్ దీవికి వెళ్ళేవాళ్ళ దగ్గర అటవీ శాఖవాళ్ళు నీళ్ళ సీసాలకు కూడా లెక్క కట్టి డిపాజిట్ తీసుకుంటారు. సీసా వెనక్కి తెస్తేనే డబ్బు వెనక్కి. మన ఆర్కే బీచ్‌లో ఆ పని ఎందుకు చెయ్యలేం అని నాకు అనిపించింది.

ఇక అసలు సంగతికి వస్తాను. మేం అంత సంతోషంగా దాటిన ఆ కాస్త నీటిలోనే 2014 జనవరి 26న పర్యాటకుల పడవ మునిగి ఇరవై మందికి పైగా పోయారు. సామర్థ్యానికి మించి ఎక్కించారు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో మునిగిన బోటులో 77 మంది ఉంటే, ప్రాణాలతో బయటపడ్డవాళ్ళు 26 మందే. ఆ బోటును కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం అక్టోబరు 22న గానీ బయటికి లాగలేకపోయింది.

పడవ ఎందుకు బోల్తా పడుతుంది? పూర్ణా మార్కెట్ ముందు తోపుడు బండిని చూడండి. మూటలు కింద పరిచి పేరిస్తే బండి కదలదు. ఎత్తుగా పేర్చి ఒక వైపు లాగితే ఒక చక్రం గాల్లోకి లేస్తుంది. బోటూ అంతే. ముప్పై మంది, మనిషికి 65 కిలోలు వేసుకున్నా దాదాపు రెండు టన్నులు. ఆ ముప్పై మందీ డాల్ఫిన్ కనిపించిందని సెల్‌ఫోన్లు పట్టుకుని ఒక్కసారిగా మీటరు పక్కకు వచ్చారంటే, రెండు టన్నుల మూటను ఎవరో బోటు ఒక అంచుకు జరిపినట్టే. పై అంతస్తు మీద జనం ఉంటే ఇంకా ప్రమాదం. కూర్చున్న మనిషి బోటుకు బరువు మాత్రమే. లేచి పరిగెత్తే మనిషి ప్రమాదం.

జాకెట్ సంగతి. నీళ్ళలో మనిషి శరీరం దాదాపు తేలీ తేలనట్టు ఉంటుంది. తల పైన నిలవడానికి కొద్ది కిలోల ఆసరా చాలు. మంచి జాకెట్ పది కిలోల దాకా ఆసరా ఇస్తుంది. కానీ బకిల్ పెట్టుకోకపోతే జాకెట్ పైకి తేలుతుంది, మనిషి కిందికి జారిపోతాడు.

మరునాడు స్వరాజ్ ద్వీప్‌లో ఎలిఫెంట్ బీచ్‌కు వెళ్ళాలి. ఇరవై నిమిషాల దారి. పొద్దున గాలి లేచింది. అక్కడి బోటు మనిషి తీయనన్నాడు. మావాడొకడు, "ఎండ కాస్తుంటే తీయవేంటయ్యా, మేం రేపు వెళ్ళిపోవాలి" అని గట్టిగా అడిగాడు. అతను డబ్బు లెక్కపెట్టి తిరిగిచ్చేసి, "మళ్ళీ ఏడు రండి. సంద్రం ఎక్కడికీ పోదు" అన్నాడు. మాకు కోపం వచ్చింది. మాస్టారు మాత్రం అతనికి నమస్కారం పెట్టారు. "తెలిసినవాడు వద్దంటే అదే జవాబు. మళ్ళీ లెక్క చెయ్యక్కర్లేదు" అన్నారు. ఆ పూట ఒడ్డున కొబ్బరిచెట్ల కింద కూర్చుని కబుర్లు చెప్పుకున్నాం. నిజం చెప్పాలంటే మొత్తం ప్రయాణంలో మాకు బాగా గుర్తున్నది ఆ పూటే. మాస్టారు మా అందరి హాజరుపట్టీ వరస నోటికి చెప్పారు. ఒక పేరు దగ్గర ఆగారు.

ఆ పేరు ఇక్కడ చెప్పను. వాళ్ళమ్మగారు ఇప్పటికీ ఈ పేటలోనే ఉన్నారు. తొమ్మిదో తరగతిలో, ఒక ఆదివారం, బీచ్‌లో స్నానానికి దిగినవాడు సోమవారం బడికి రాలేదు. మా బెంచీలో ఆ ఏడాదంతా ఆ చోటు ఖాళీగానే ఉంచాం. వాడికి ఈత రాదు. మాలో ఎవరికీ రాదు. మేడ ఎక్కితే సముద్రం కనిపించే ఊరు, పొద్దున్నే చేపలు ఫిషింగ్ హార్బర్ నుంచి గంపల్లో వచ్చే మార్కెట్టు, అయినా మా తరగతిలో ఈత వచ్చినవాడు ఒక్కడు లేడు. ఇప్పటికీ యారాడలో, ఆర్కే బీచ్‌లో పిల్లలు పోతూనే ఉన్నారు. పేపరులో చిన్న వార్త వస్తుంది, పేజీ తిప్పేస్తాం.

ఆ పిల్లలకు తెలియని సంగతి ఒకటే. ఒడ్డుకు కెరటాలు తెచ్చిన నీళ్ళు ఎక్కడో ఒక చోట నుంచి తిరిగి లోపలికి పోవాలి. అలా పోయే దారిలో కెరటాలు విరగవు. చూడ్డానికి ప్రశాంతంగా ఉంటుంది. ఈత రానివాడు సరిగ్గా అక్కడే దిగుతాడు. లాగేసినప్పుడు ఒడ్డుకు ఎదురీదితే అలిసిపోతాం. ఒడ్డుకు సమాంతరంగా, పక్కకు కొంత దూరం ఈది, ఆ లాగుడు తప్పించుకుని అప్పుడు ఒడ్డుకు రావాలి. ఈత రానివాడు వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తి పిలవాలి. చూసినవాళ్ళు దూకకూడదు. తాడో, ట్యూబో, ఖాళీ క్యానో విసరాలి. నల్లబల్ల మీద రాస్తే పది నిమిషాల పాఠం. నాకు ఈ బడిలో పైథాగరస్ చెప్పారు, పానిపట్టు యుద్ధాలు చెప్పారు. మాస్టర్లు ఏమీ అనుకోకపోతే, ఇది కూడా చెప్పాలి.

ఇక అర్జీ. ఒకటి, ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలందరికీ, ఆడపిల్లలతో సహా, వేసవిలో సంఘం ఖర్చుతో ఈత నేర్పించాలి. బీచ్ రోడ్డులో ఈతకొలను ఉంది, ఊళ్ళో నేర్పేవాళ్ళున్నారు. రెండు, ఏటా ఒక రోజు ఫిషింగ్ హార్బర్ నుంచి అనుభవం ఉన్న మత్స్యకారుణ్ణి బడికి పిలిచి, శాలువా కప్పి, పోటు, పాటు, గాలి, సుడి గురించి పిల్లలకు పాఠం చెప్పించాలి. ఆయన చెప్పేది ఏ ఇంజనీరూ చెప్పలేడు. మూడు, బడి పిల్లలు విహారయాత్రలో పడవ ఎక్కితే జాకెట్లు మనవే ఉండాలి. మొదటి నలభై జాకెట్లు మా బ్యాచ్ ఇస్తుంది. బకిల్స్ అన్నీ నేనే స్వయంగా చూసి ఇస్తాను. ఏటా జూన్‌లో వచ్చి మళ్ళీ చూస్తాను.

స్వర్ణోత్సవానికి శిలాఫలకం వేయిద్దామని ప్రతిపాదన ఉందని విన్నాను. వేయించండి, మంచిదే. దానితో పాటు వచ్చే వేసవికి మొదటి ముప్పై మంది పిల్లల పేర్లు ఈత పట్టీలో రాయండి. ఆ పట్టీ మీద మొదటి సంతకం పెట్టడానికి మా లెక్కల మాస్టారు ఒప్పుకున్నారు. ఈ వరసలోనే కూర్చున్నారు, అడగండి.