ఎర్ర బుట్టలో ఏం వేయాలి?

(తాడేపల్లి ప్రాంత మహిళా సంఘాల ఆరోగ్య అవగాహన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు నన్ను చెత్త గురించి మాట్లాడమన్నారు. ఆస్పత్రివాళ్ళకు చెత్తతో ఏం పని అని మీలో కొందరికి అనిపించవచ్చు. చెత్తలో చెయ్యి పెట్టి సూది గుచ్చుకున్నవాళ్ళు, పురుగుమందు సీసాను నీళ్ళ సీసా అనుకుని తాగిన పిల్లలు చివరికి చేరేది ఆస్పత్రికే కదా.

మంగళగిరి, తాడేపల్లి మున్సిపాలిటీలను, చుట్టుపక్కల పల్లెలను కలిపి 2021లో కార్పొరేషన్ చేశారు. అదే ఏడాది అక్టోబరు 2న రాష్ట్రంలో 'క్లాప్' కార్యక్రమం మొదలైంది. ఇంటికి మూడు బుట్టలన్నారు. ఆకుపచ్చది తడి చెత్తకు, నీలం పొడి చెత్తకు, ఎర్రది ప్రమాదకరమైన చెత్తకు. దాంతోపాటు వచ్చిన చెత్త పన్ను మీద ఊరూరా గొడవ జరిగింది. 2024లో ఆ పన్ను రద్దయింది. పన్ను గురించి అందరం మాట్లాడాం. ఎర్ర బుట్ట దేనికని అడిగినవాళ్ళు మాత్రం తక్కువ. కొన్ని ఇళ్ళలో అది ఉల్లిపాయల బుట్ట అయి కూర్చుంది!

మన ఇంట్లో ప్రమాదకరమైనది ఏముంటుంది అంటారా? 2016లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన ఘన వ్యర్థాల నియమాల్లో ఆ జాబితా ఉంది. పురుగుమందు డబ్బాలు, రంగు డబ్బాలు, ట్యూబులైట్లు, సీఎఫ్ఎల్ బల్బులు, పగిలిన పాదరసం థర్మామీటర్లు, అయిపోయిన బ్యాటరీలు, గడువు దాటిన మందులు, వాడిన సూదులు, సిరంజీలు. వీటిలో నాలుగైదైనా లేని ఇల్లు ఉండదు.

ముందు సూదుల సంగతి చెబుతాను. ఆస్పత్రిలో వాడిన సూదిని గుచ్చుకోని గట్టి తెల్ల డబ్బాలోనే వేయాలి. అది చట్టం. 1998లో మొదటి నియమాలు వచ్చాయి, 2016లో వాటిని మార్చి మళ్ళీ తెచ్చారు. అదే సూదితో షుగరున్న పెద్దాయన ఇంట్లో ఇన్సులిన్ చేసుకుంటే, అది క్యారీబ్యాగులో పడి మర్నాడు పారిశుద్ధ్య కార్మికురాలి చేతికి వస్తుంది. ఆమె సంచి విప్పి చేత్తోనే వేరుచేస్తుంది. హెపటైటిస్-బి ఉన్నవాళ్ళ రక్తం అంటిన సూది గుచ్చుకుంటే, టీకా వేయించుకోనివాళ్ళలో నూటికి 6 నుంచి 30 మంది దాకా ఆ జబ్బు రావచ్చు. హెచ్.ఐ.వి. విషయంలో అది వెయ్యికి మూడు. తక్కువే అనిపిస్తుంది, కానీ ఆమె రోజుకు ఎన్ని సంచులు విప్పుతుందో లెక్కవేయండి.

మీరు చేయవలసింది కష్టమైన పనేమీ కాదు. గట్టి ప్లాస్టిక్ సీసా ఒకటి తీసుకుని, వాడిన సూదిని వాడినట్టే అందులో వేసి మూత బిగించండి. సీసా మీద 'సూదులు' అని పెద్దగా రాయండి. ఎవరికైనా గుచ్చుకుంటే సబ్బుతో, ధారగా పడే నీళ్ళతో కడగాలి. పిండకూడదు, నోటితో పీల్చకూడదు. వెంటనే ఆస్పత్రికి రావాలి. హెచ్.ఐ.వి. రాకుండా ఇచ్చే మందులు రెండు గంటల్లోపు మొదలుపెడితే మంచిది, 72 గంటలు దాటితే లాభం లేదు.

ఇక పురుగుమందు డబ్బాలు. ఉండవల్లి, పెనుమాక వైపు కూరగాయలు, పూలు. అటు దాటితే పత్తి, మిరప. మిరపకు ఎన్నిసార్లు మందు కొడతారో నాకంటే మీకే బాగా తెలుసు. ఖాళీ డబ్బా గట్టిగా ఉందని ఉప్పుకో, కిరోసిన్‌కో, చెంబుగానో వాడేవాళ్ళున్నారు. ఎంత కడిగినా ఆ డబ్బా ఇంట్లో వాడకానికి పనికిరాదు. మందు పోయగానే మూడుసార్లు నీళ్ళతో గిలకరించి, ఆ నీళ్ళు స్ప్రేయరు ట్యాంకులోనే పోయాలి. తర్వాత డబ్బాకు చిల్లు పెట్టేయాలి. 1971 నాటి నియమాలు ఇలాంటి డబ్బాలను పగలగొట్టి నివాసాలకు దూరంగా పూడ్చమన్నాయి. కృష్ణ ఒడ్డున, తవ్వితే నీళ్ళు పడే మన నేలలో ఆ దూరం ఎక్కడుంది? పూడ్చడం కంటే సేకరణకు ఇవ్వడమే మేలని నా అభిప్రాయం.

కాలవలో మాత్రం విసరవద్దు. మన సీతానగరం దగ్గర బ్యారేజీ నుంచి బయలుదేరే పశ్చిమ కాలవ నీళ్ళు దుగ్గిరాల మీదుగా డెల్టా ఊళ్ళకు పోతాయి. ఇక్కడ మనం పారేసింది అక్కడ వాళ్ళ పొలాల్లో, పశువుల కడుపులో తేలుతుంది.

తగలబెట్టడమూ పరిష్కారం కాదు. ప్లాస్టిక్ పొగలో డయాక్సిన్ల వంటి విషాలుంటాయి, ముందు పీల్చేది కుప్ప పక్కన నిలబడ్డ మనమే. కొండవీడు దగ్గర చెత్తను కాల్చి కరెంటు తీసే 15 మెగావాట్ల ప్లాంటు 2022లో మొదలైంది కదా, అన్నీ అక్కడికే పంపితే సరిపోదా అని కొందరంటారు. ట్యూబులైటులో పాదరసం ఉంటుంది. కాల్చితే అది మాయం కాదు, ఆవిరవుతుంది. అందుకే ముందే వేరుచేయాలి.

వేరుచేసినవి ఎక్కడివ్వాలి? బండివాళ్ళు ఎర్ర బుట్టను కూడా అదే ట్రాలీలో కుమ్మరిస్తున్నారని మీరంటే, ఆ మాట కొట్టిపారేయలేను. కానీ మీకు తెలియవలసిన సంగతి ఒకటుంది. ప్రమాదకర చెత్త తీసుకోవడానికి ప్రతి 20 చదరపు కిలోమీటర్లకు ఒక కేంద్రం పెట్టి, తెరిచే వేళలు ప్రకటించాలని 2016 నియమాలు పట్టణ సంస్థలను ఆదేశించాయి. 2026 జనవరిలో వచ్చిన కొత్త నియమాలు చెత్తను నాలుగు రకాలు చేశాయి. తడి, పొడి, శానిటరీ, ప్రత్యేక జాగ్రత్త అవసరమైనది. బల్బులు, మందులు, రంగు డబ్బాలు ఈ నాలుగోదాని కిందికి వస్తాయి. వాటిని నిర్ణయించిన కేంద్రంలో ఇవ్వాలి, లేదా అనుమతి ఉన్న సంస్థ వచ్చి తీసుకోవాలి.

కాబట్టి సంఘం తరఫున నలుగురు కార్పొరేషన్ ఆఫీసుకు వెళ్ళండి. మాకు దగ్గరి కేంద్రం ఎక్కడుంది, ఏ రోజు, ఏ వేళకు తెరుస్తారు అని కాగితం మీద రాసి ఇవ్వండి. నకలు మీద ముద్ర వేయించుకుని దాచండి. జవాబు వచ్చేదాకా సూదుల సీసాను పిల్లలకు అందకుండా అటక మీద పెట్టుకోండి.