వండినవాళ్ళు మొదటి బంతిలో



పండక్కి చుట్టాలందరూ చేరినప్పుడు చేసే ఇంటి వంట గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. రుచుల సంగతి మీకు నేను చెప్పేదేముంది? ఇక్కడున్న చాలామంది చేతి వంట తిన్నదాన్నే. నేను అడగదలచుకున్నది ఒక్కటే. పాతికమందికి వండిన మనిషి ఎప్పుడు తింటుంది?

ఆఖరి బంతి లేచాక. అప్పటికి అన్నం చల్లారిపోతుంది, పప్పు అడుగున మిగులుతుంది, కూరలో ముక్కలుండవు. ‘మీరందరూ తింటే నాకు తిన్నట్టే’ అంటుంది ఆవిడ. మనం ఆ మాట విని మురిసిపోతాం. ఆ మురిపెం నాకు నచ్చదు. ‘మాయాబజార్’లో ఘటోత్కచుడి వేషంలో ఎస్వీ రంగారావుగారు భోజనం చేసే పాట 1957 నుంచీ చూస్తూనే ఉన్నాం. గంగాళాలు కనిపిస్తాయి, లడ్డూలు కనిపిస్తాయి, వండినవాళ్ళు మాత్రం కనబడరు. మన ఇళ్ళలోనూ అంతే.

దీనికి జాలిపడితే లాభం లేదు, వంటల జాబితా మార్చాలి. మన వంటల్లో కొన్ని ఆగితే బాగుపడతాయి, కొన్ని ఆగితే చెడతాయి. పండగ జాబితా రాసేటప్పుడు మొదట చూసుకోవలసింది ఈ తేడానే.

ఆగితే బాగుపడేవాటిలో పెద్దది పులిహోర. బియ్యం పలుకుగా వండి, వెడల్పాటి పళ్ళెంలో ఆరబోసి, వేడి మీదే పసుపు, నూనె, పచ్చి కరివేపాకు వేస్తాం. చింతపండు గుజ్జు పచ్చిమిరపకాయలతో కలిసి ఉడికి, నూనె పైకి తేలిందాకా తొందరపడకూడదు. పోపులో ఇంగువ దండిగా పడాలి. ఆవ పెట్టే అలవాటున్నవాళ్ళు అన్నం పూర్తిగా చల్లారాకే కలపాలి, వేడి మీద కలిపితే ఆవఘాటు చస్తుంది. ఉదయం కలిపిన పులిహోర మధ్యాహ్నానికి పులుపూ ఉప్పూ పట్టి ఇంకా బాగుంటుంది. పులుపు వల్ల తొందరగా పాడవదు కూడా. రైలు ప్రయాణాలకి దాన్నే కట్టుకెళ్ళడం అందుకే. ముక్కల పులుసూ అంతే, పొద్దున కాచినది మధ్యాహ్నానికి ముక్కల్లోకి దిగుతుంది. గుత్తివంకాయ కూర దించి గంట ఆగినా ఏమీ అనుకోదు. కొబ్బరి పచ్చడిని మాత్రం ముందురోజు రాత్రి చేసి బయట పెట్టకండి, తెల్లారేసరికి వాసనేస్తుంది.

ఇక అసలు నేరస్తురాలు గారె. దాన్ని మూకుట్లోంచి తీసిన వెంటనే తినాలి. కాబట్టి బంతి నడిచినంతసేపూ ఒకరు పొయ్యి ముందు బందీ. ఆ ఒకరు ఎవరో చెప్పనక్కర్లేదు. నేను గారె మానెయ్యమనను, అంత ధైర్యం నాకు లేదు. ఆవడ చెయ్యమంటాను. మినప్పప్పు మూడు నాలుగు గంటలు నానబెట్టి, నీళ్ళు చిలకరించుకుంటూ గట్టిగా రుబ్బి, చిటికెడు పిండి నీళ్ళ గిన్నెలో వేసి చూడండి. తేలితే సరే. ఉప్పు వేయించబోయే ముందు కలపండి. ముందే కలిపి ఉంచితే పిండి జారుగా అయి నూనె పీలుస్తుంది. పొద్దున్నే వేయించి, పోపు పెట్టిన పెరుగులో వేసేస్తే గారె పని ముగిసింది, మనిషికి విడుదల దొరికింది.

లెక్క విషయంలో ఒక హెచ్చరిక. ఐదుగురి కొలతని ఐదుతో హెచ్చవేస్తే పాతికమంది వంట కాదు. నీళ్ళు ఆవిరయ్యేది గిన్నె మూతి వెడల్పుని బట్టి. పులుసులో ఐదింతల నీళ్ళు పోస్తే అది చిక్కబడేసరికి ముక్కలు చిదికిపోతాయి. పోపుకి నూనె కూడా ఐదింతలు అక్కర్లేదు. ఉప్పూ కారమూ ముప్పావు వంతు వేసి, రుచి చూసి, తక్కినది వేసుకోండి. కిలో బియ్యం ఎనిమిది పదిమందికి వస్తుంది. పాతికమందికి మూడు కిలోలనుకుంటే అందులో కిలో పులిహోరకి తీసెయ్యండి. మిగిలిన రెండు కిలోలూ ఇంటి గ్యాసు పొయ్యి మీద ఒకే గిన్నెలో వండితే అడుగు మాడుతుంది, పైన పలుకుంటుంది. రెండు గిన్నెల్లో వండుకోండి.

ఇలా చేస్తే భోజనాల వేళకి వేడిగా రావలసినవి అన్నం, పప్పు, కాసిని అప్పడాలు. అంతే.

అమెరికాలో మనవాళ్ళు పాట్‌లక్ అని తలా ఒక గిన్నె తెచ్చుకుంటారు. మాట్లాడుకోకపోతే నలుగురూ పులిహోరే తెస్తారు, అది వేరే సంగతి. కానీ అక్కడ ఏ ఒక్కరూ రోజంతా పొయ్యి దగ్గర నిలబడక్కర్లేదు. ఇక్కడ మనకి అది ఎందుకు కుదరదో నాకు అర్థం కాదు. ఒకే ఊళ్ళో ఉన్న తోడికోడళ్ళు ఒకరు పులుసు, ఒకరు పచ్చడి తెస్తే పెద్ద కోడలి పరువేమీ పోదు.

ఈ సభలో ఉన్న మగవాళ్ళకి ఒక మనవి. వచ్చే సంక్రాంతికి వడ్డన మీరు చెయ్యండి. మొదటి బంతిలో వండినవాళ్ళకి విస్తళ్ళు వెయ్యండి. వాళ్ళు మొహమాటపడి లేవబోతే కూర్చోబెట్టి, ఇంకో గరిటెడు నెయ్యి వెయ్యండి.